మా అత్త వాసన తీసిన నీళ్లు

గాజువాకలో మా వీధి మెయిన్ రోడ్డును కలిసే చోట షేర్ ఆటోల స్టాండు ఉంది. ఎండలు ముదిరే వేళకి దాని పక్కన నాలుగు కర్రలు పాతి, పైన తాటాకులు పరిచి మా అత్త చలివేంద్రం పెడుతుంది. మూడు పెద్ద మట్టికుండలు, వాటి కింద ఇసుక, చుట్టూ తడిపిన గోనెసంచులు. బోర్డు లేదు, బ్యానరు లేదు. ఎవరు పెట్టారని ఎవరైనా అడిగితే "మా ఇంటాయన" అంటుంది, ఆయనే పొద్దున్న కుండలు నింపి పోర్టుకి డ్యూటీకి వెళ్లినట్టు.

మా మామ పోర్టులో కళాసీగా చేశాడు. ఓడల నుంచి దిగిన బస్తాలు మోసిన మనిషి. ఆయన చనిపోయాక వచ్చిన మొదటి వేసవిలో ఆయన పేరు మీద పదిమందికి భోజనాలు పెడదామని మా ఆయన అంటే మా అత్త ఒప్పుకోలేదు. "ఆకలేత్తందని ఆయన ఎప్పుడూ అన్నేదు. దాహమనే అనీవోడు. నీలే ఎడతాను" అంది. అప్పటి నుంచి ఏ వేసవీ మానలేదు.

ఆ నీళ్ల విషయంలో ఆవిడకి రెండు పట్టింపులుండేవి. ఆయన పేరు మీద పెట్టిన కుండ వానలు పడేదాకా ఖాళీ కాకూడదన్నది మొదటిది. అడుగున నీళ్లు కొంచెం ఉండగానే వాటి మీద కొత్తవి పోసేది. రెండోది వాసన. కుళాయి నీళ్లకి బ్లీచింగ్ వాసన ఉంటుంది కదా, దాహంతో వచ్చిన మనిషికి మందు వాసన తగలకూడదని ఆవిడ పట్టు. అందుకని పట్టిన నీళ్లను నేరుగా కుండల్లో పోసేది కాదు. పెరట్లో వెడల్పు మూతి ఇత్తడి గంగాళంలో పోసి, మూత పెట్టకుండా పైన పల్చటి పాతచీర ముక్క కట్టి మర్నాటిదాకా వదిలేసేది. మధ్యలో నాలుగైదుసార్లు చెంబుతో ముంచి, చెయ్యి పైకెత్తి, మళ్లీ అందులోకే ధార కట్టేది. మర్నాడు వంగి ముక్కు దగ్గర పెట్టి చూసి, "పోనాది" అనుకున్నాకే వాటిని కుండల్లోకి ఎత్తేది. ప్రతి కుండలో ఒక వట్టివేళ్ల కట్ట. ఈ మొత్తం పనికి ఆవిడ పెట్టుకున్న పేరు వాసన తియ్యడం.

నిజం చెప్పాలంటే ఆ నీళ్లు చాలా బాగుండేవి. కొత్త గాజువాక సంతకి నడిచి వెళ్లి ఎండలో తిరిగి వచ్చేటప్పుడు నేను ఇంటిదాకా ఆగలేక ఆ పందిట్లోనే ఆగి తాగేదాన్ని. వట్టివేళ్ల చలవ గొంతులోంచి దిగుతుంటే తెలిసేది.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నేను ఇంట్లో మిషను కుడతాను. బడి ఎనిమిదో తరగతిలో ఆగింది కానీ చదవడం ఆగలేదు. సాయంత్రం శాఖా గ్రంథాలయం తలుపులు తీసే వేళకి కుట్టిన జాకెట్లు ఇవ్వాల్సిన వాళ్లకి ఇచ్చేసి వెళ్లి కూర్చుంటాను. తేనెటీగలు, భూకంపాలు, ఓడలు ఎలా తేలతాయి, రాజుల వంశాలు, పంటి జబ్బులు. ఏది దొరికితే అది. ఒక అలమరా అయ్యాక పక్క అలమరా. ఫలానాది చదువు అని నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి తెలుసుకున్నదంతా నేను వెతుక్కుని తెచ్చుకున్నదేనని నాకు గర్వం. ఆ గర్వం మా అత్తకి బాగా తెలుసు. పులుసులో ఉప్పు ఎక్కువైతే చాలు, "ఈ ముక్క నీ పుస్తకాల్లో రాయనేదేటే?" అంటుంది.

మొన్నటి వేసవిలో, ఎండలు బాగా కాస్తున్న రోజుల్లో, స్టాండులో ఒక ఆటో డ్రైవరు రెండు రోజులు కనబడలేదు. ఆ అబ్బాయి మా ఆయనని బావ అని పిలుస్తాడు. నన్ను అక్కా అంటాడు, మా అత్తని అత్తా అంటాడు. అందరికంటే ఎక్కువ నీళ్లు తాగేది అతనే, అందరికంటే ఎక్కువ మాట్లాడేదీ అతనే. సాయంత్రం ఇంటికెళ్తూ సీసా నింపుకుని కొడుక్కి పట్టుకెళ్లేవాడు. అలాంటి మనిషి రాకపోయేసరికి మా అత్త అడిగింది. ఆ పిల్లాడికి వాంతులు, విరేచనాలు పట్టుకుని ఆస్పత్రిలో సెలైన్ పెట్టారని, తండ్రికీ అదే అయిందని, స్టాండులో ఇంకో ఇద్దరికి కూడా కడుపు బాగోలేదని తెలిసింది.

పిల్లాడు తేరుకుని ఇంటికొచ్చేశాడు. కానీ ఆ మర్నాటి నుంచి పందిట్లోకి ఎవరూ రాలేదు. మా అత్త స్టూలు మీద కూర్చునే ఉంది. డ్రైవర్లు ఎదురు కొట్టులో నీళ్ల ప్యాకెట్లు కొనుక్కుని, ఆవిడ వైపు చూడకుండా పంటితో చింపుకుని తాగారు. ఆమె ముఖం మీద అనడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి మళ్లీ పనిలోకి వచ్చిన ఆ డ్రైవరే వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు మా అత్త భోజనానికి ఇంటికి రాలేదని నేను మజ్జిగన్నం తీసుకెళ్లి పక్కనే ఉన్నాను.

"అత్తా, తప్పుగా అనుకోకు. ఈ ఏటికి ఎత్తీ."

"ఏటి ఎత్తీడం?"

"కుండలు. మావోడికి నీలు పడనేదన్నాడు డాక్టరు. ఆడు తాగింది నీ కాడి నీలే కదా."

"మీ ఇంట్లో నీలు తాగడేటి ఆడు? రోడ్డు మీద ఐసు సీకడేటి?"

"సీకుతాడు. నాను కాదన్నేదు. నాను ఒక్కడినే అయితే నోరు మూసుకుందును. స్టాండులో అందరూ అదే మాటంటన్నారు."

"అందరూ అంటే నాకెందుకు? నువ్వేటంటన్నావో సెప్పు."

అతను చేతిలో తాళంచెవి తిప్పాడు. "నాకు బయ్యమేసింది అత్తా" అని వెళ్లిపోయాడు.

ఆ రోజు ఇంటికొచ్చి మా అత్త కాళ్లు కూడా కడుక్కోకుండా గుమ్మంలో కూర్చుండిపోయింది. నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ నా వైపు చూడకుండా అడిగింది: "మీ మామ పేరు మీద నాను ఇసం పోసేనేటే?"

కాదు అని వెంటనే అనాలనిపించింది. కానీ నాకు తెలియదు. తెలియనిది తెలిసినట్టు చెప్పడం నాకు నచ్చదు. "రెండు రోజులు ఆగు అత్తా, చూద్దాం" అన్నాను. "అప్పటిదాకా కుండల మీద పళ్లాలు బోర్లించి ఉంచు. ఎవరికీ పొయ్యకు."

మర్నాడు గ్రంథాలయంలో వైద్యం అలమరా అడుగు వరసలో వెతికాను. అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి దొరికింది. ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చేందుకు వేసినది. అందులో తాగునీటి గురించి పెద్ద అధ్యాయమే ఉంది. బల్బు కింద కూర్చుని మొత్తం చదివాను. అది చదువుతుంటే నాకు మా వీధి కళ్ల ముందు కనబడింది. మా వైపు కుళాయిలో ధార సన్నగా వస్తుందని చాలా ఇళ్లలో రోడ్డు పక్కన గొయ్యి తవ్వి, పైపును కిందికి దించి, ఆ గోతిలో దిగి బిందె పట్టుకుంటారు. నీళ్లు ఆగిపోయాక ఆ గోతిలోకి కాలవ నీళ్లు చేరతాయి. వాటిని మళ్లీ పైపు లోపలికి లాక్కుంటుంది. పుస్తకంలో సరిగ్గా ఇదే రాసి ఉంది. దొరికిందనుకున్నాను. మా అత్త తప్పేం లేదు, గొయ్యిదే తప్పు. ఆ సంతోషంతో ఇంటికి ఎలా వచ్చానో కూడా గుర్తులేదు.

మా వీధికి వచ్చే ఆశా కార్యకర్త జాకెట్లు నేనే కుడతాను. ఆవిడకి చెబితే మర్నాడు పొద్దున్న కుళాయి వచ్చే వేళకి ఒక చిన్న పెట్టె తీసుకుని వచ్చింది. అందులో గాజు గొట్టాలు, ఒక చుక్కల మందు సీసా, పక్కన పోల్చుకోవడానికి లేత పసుపు నుంచి ముదురు పసుపు దాకా రంగుల పట్టీ. నీళ్లలో ఆ చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్న నీళ్లు పచ్చబడతాయి. పచ్చబడకపోతే లేనట్టు. దాని గురించి నేను ముందురోజే చదివి ఉన్నాను కాబట్టి ఆవిడ చెప్పకముందే తల ఊపాను.

మొదట మా గోతిలోని కుళాయి నీళ్లు పట్టింది. చుక్కలు వేసి గొట్టం మూసి తిప్పింది. నీళ్లు నిమ్మపండు రంగులోకి మారాయి. పట్టీతో పోల్చి, "కుళాయి బాగానే ఉందండీ" అంది. నా గొయ్యి సిద్ధాంతం అక్కడికక్కడే పోయింది. తర్వాత కుండలో నీళ్లు. చుక్కలు వేసినా ఏ రంగూ రాలేదు. మరోసారి వేసింది. మంచినీళ్లు మంచినీళ్లలాగే ఉన్నాయి.

మా అత్త రెండు గొట్టాలూ చూసి ఒక్కసారిగా నిటారుగా అయింది.

"ఓలమ్మా! కామెర్లొచ్చినోడి కళ్లలాగ పచ్చగా అయిపోనాయి మీ కుళాయి నీలు! నా కుండ నీలు సూడండి, అద్దం! ఇప్పుడు సెప్పండి పాడు నీలు ఎవరివో. పిలు ఆ ఆటోవోడిని!"

ఆశా కార్యకర్త నవ్వు ఆపుకుంటూ, "మామ్మా, పచ్చగానే అవ్వాల. అయితేనే అందులో మందున్నట్టు" అంది.

"మందుంటే మంచిదేటి?"

"మందుండాలనే కదా మామ్మా కలిపేది."

"మరి నాను పగలూ రాత్రీ గంగాళంలో ఎట్టి తిరగబోసి తీసింది ఏటి?"

అని ఆవిడే ఆగిపోయింది. అనవలసింది ఆవిడే అనేసింది.

తర్వాత నేను చదివింది మెల్లగా చెప్పాను. నీళ్లు శుభ్రం చేసే చోట పురుగుల్ని చంపడంతో క్లోరిన్ పని అయిపోదు. కొంచెం కావాలనే నీళ్లలో మిగల్చి పంపుతారు. దారిలో పైపులోనో, ఇంట్లో బిందెలోనో, తాగేవాడి వేళ్ల నుంచో ఏదైనా పడితే దాన్ని ఆ మిగిలినది చంపుతుంది. మనకి వచ్చే వాసన అది ఇంకా ఉందని గుర్తు. మధ్యాహ్నం మా అత్త భోజనానికి వెళ్లినప్పుడు డ్రైవర్లు గ్లాసులు వాళ్లే ముంచుకునేవారు. స్టీరింగు పట్టిన చేతులు, చిల్లర పట్టిన చేతులు. అడుగున నెలరోజుల నాటి నీళ్లు. కట్ట విప్పని వట్టివేళ్లు. మందు లేని ఆ నీళ్లలో పడిందంతా అలాగే ఉండిపోయింది.

"అయితే ఆ గుంటడికి నా నీల వల్లే వచ్చిందా?" అని మా అత్త ఆశా కార్యకర్తని సూటిగా అడిగింది.

"అలాగని చెప్పలేం మామ్మా. ఐసు వల్ల కావచ్చు, ఇంకోటి కావచ్చు."

"నా నీల వల్ల కావచ్చా?"

ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూసింది. "కావచ్చు."

క్లోరిన్ మాత్రల ప్యాకెట్లు, ఒక చుక్కల సీసా, గొట్టం మా దగ్గర ఉంచి వెళ్లింది. కుండలు ఖాళీ చేసి, తోమి, ఎండబెట్టి మొదలుపెట్టండి, ఎత్తేయక్కర్లేదు అని కూడా చెప్పింది. నాకు గుండె తేలికపడింది. దారి దొరికింది కదా అనుకున్నాను. మా అత్తకి మాత్రం దొరకలేదు.

"ఖాళీ సెయ్యకూడదు" అంది.

"అత్తా, పాత నీళ్లు ఉంటే..."

"తెలుసు. ఇన్నాను. ఆయన పేరు మీద ఎట్టింది నా సేత్తో నాను వొంచీలేను. అంతకంటే మొత్తం ఎత్తీడమే నయం. పోనీ, ఎత్తీద్దాం."

ఇన్నేళ్లలో నేను తిరగేసిన అలమరాలలో ఎక్కడా ఇలాంటిది రాసి లేదు. మధ్యాహ్నం మిషను ముందు కూర్చుని కుట్టుకుంటూ, ఊరికే ఉండలేక అడిగాను: "మామ డ్యూటీ నుంచి వచ్చాక నీళ్లు ఎలా తాగేవాడు అత్తా?" నేను ఈ ఇంటికి వచ్చేసరికి ఆయన పని మానేసి మంచం మీద ఉన్నాడు. ఆయన నడిచి ఇంటికి రావడం నేను చూడలేదు.

మా అత్త చిక్కుడుకాయలు వలుస్తోంది. తల ఎత్తకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"ఎలాగేటి? సెప్పులు ఇప్పకుండానే సెంబు ఎత్తీవోడు. గొంతులో గుటక సప్పుడు ఈదిలోకి ఇనిపించీది. సుక్క మిగల్చడు. తాగీసి సెంబు గట్టు మీద బోర్లించీవోడు. నాను ఒకేల కుండలో నిన్నటివి ఉంటే ఇచ్చేననుకో, మూతి ఇలాగెట్టి, నిలవ నీలు నాకెందుకే, ఎవత్తె కోసం దాసేవు అనీవోడు..."

నవ్వింది. నవ్వుతూనే చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని ఉండిపోయింది. నేను మిషను తొక్కడం ఆపాను.

కాసేపటికి చాట పక్కన పెట్టి లేచింది. "కొబ్బరిపీసు తియ్యి" అంది.

ఇద్దరం పందిరికి వెళ్లాం. ఆవిడ ఒక్కో కుండ మీద చెయ్యి వేసి మామతో ఏదో చెప్పుకుంది. ఆ మాటలు వినకూడదని నేను రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. ఆ తర్వాత మొదటి కుండను ఆవిడే వంచింది. అడుగున పట్టిన జారుడు నాచు చూసి, "ఛీ, ఇదేటిది" అని మోకాళ్ల మీద కూర్చుని మోచేతిదాకా చెయ్యి పెట్టి తోమింది. మూడూ కడిగి రోడ్డు పక్కన బోర్లించాం. స్టాండులో వాళ్లు చలివేంద్రం ఎత్తేస్తున్నారనుకున్నారు. ఒకతను జాలిగా వచ్చి, "కర్రలు నాను పీకీమంటావేటి అత్తా?" అని అడిగాడు. "నీ ఆటో సక్రాలు పీకు, పో" అంది. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది.

మర్నాటి నుంచి పద్ధతి మారింది. కుండలకి కింద కుళాయి బిగించినవి సంతలో దొరుకుతాయి, అవి తెచ్చాం. పొద్దున్న పట్టిన నీళ్లు మూత ఉన్న బిందెల్లో నేరుగా వచ్చి కుండల్లో పడతాయి. పైన మూత, దాని మీద బరువుకి ఒక రాయి. చుక్కలు వేసి చూస్తాం. రంగు సరిపోకపోతే ప్యాకెట్టు మీద రాసిన కొలత ప్రకారం మాత్ర వేసి అరగంట ఆగుతాం. సాయంత్రం మిగిలిన నీళ్లతో డ్రైవర్లు ఆటో అద్దాలు కడుక్కుంటారు. కుండలు బోర్లించి ఇంటికొస్తాం. వట్టివేళ్లు మానేయడానికి మా అత్త కొంచెం బాధపడింది. ఒక కట్ట ఇంట్లో తన దిండు కింద పెట్టుకుంది.

కానీ తాగేవాళ్లు వెంటనే రాలేదు. ఆవిడ రోజూ పొద్దున్న గొట్టంలో నీళ్లు పచ్చబడగానే దాన్ని ఎత్తి స్టాండు వైపు చూపించేది. వాళ్లు చూసేవారు, నవ్వుకునేవారు. ఒక మధ్యాహ్నం కూర్మన్నపాలెం ట్రిప్పు నుంచి వచ్చిన మన డ్రైవరు చెమట కారుతూ పందిరి నీడలోకి వచ్చాడు.

"ఏటత్తా, పేరంటానికి పసుపు కలుపుతన్నావేటి రోజూ?"

"పచ్చగా అయితే మంచిదిరా. నీకు తెలీదు."

"నీకెప్పుడు తెలిసిందేటి?"

"మొన్న. నీకంటే రెండు రోజులు ముందు."

అతను గ్లాసు కడిగి కుళాయి తిప్పి పట్టుకున్నాడు. ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. "వాసనొత్తంది అత్తా. ఆస్పత్రిలో కూకుని తాగినట్టుంది."

"రావాల. రాని రోజున తాగకు, నన్ను తిట్టు."

మిగతాది తాగాడు. ఇంకో గ్లాసు పట్టుకున్నాడు. అది తాగుతుంటే ఏదో గుర్తొచ్చినట్టు ఆగి నా వైపు తిరిగాడు. "అక్కా, మరి మా ఇంట్లో కూడా గంగాళంలో పోసి వాసన తీత్తాది మా ఇంటిది. అత్తే నేర్పిందట. వీధిలో ఆడోళ్లందరూ తీత్తారు. అది తప్పేనేటి?"

నేను జవాబు చెప్పే లోపలే మా అత్త స్టూలు మీద నుంచి లేచింది. ఆ పిల్లాడు ఇంట్లోనూ వాసన తీసిన నీళ్లే తాగాడన్న సంగతి మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది. కుండలు కడిగితే సరిపోదని కూడా.

"మీ ఇంటిదానికి నువ్వు సెప్పలేవా?" అంది.

"నాను సెప్తే ఇంటాదేటి? అత్త సెప్పిందంటాది."

"అయితే అత్తే సెప్తాది. నువ్వు ఇక్కడ కూకో. ఎవరైనా వస్తే నీలు పొయ్యి. సెయ్యి కడుక్కుని పొయ్యి."

చెంగు బిగించి బయల్దేరింది. నేను గొట్టం, చుక్కల సీసా పట్టుకుని వెనకాలే నడిచాను. మొదట ఆ డ్రైవరు ఇంటికే వెళ్లాం. పిల్లాడు అరుగు మీద బంతి కొట్టుకుంటున్నాడు. వాళ్లమ్మ మమ్మల్ని చూసి కొంచెం బిగుసుకుంది. పెరట్లో గంగాళం మీద పల్చటి గుడ్డ కట్టి ఉంది, మా ఇంట్లో కట్టినట్టే. నేను అందులో నీళ్లు గొట్టంలోకి తీసి చుక్కలు వేశాను. రంగు రాలేదు. వాళ్ల కుళాయి బిందెలో నీళ్లకి వేశాను. పచ్చబడ్డాయి. మా అత్త రెండూ ఆమెకి చూపించి సంగతి చెప్పింది.

"నువ్వే కదత్తా వాసన తియ్యమన్నావు?" అంది ఆమె.

"నానే అన్నాను. అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలిసింది, అందుకే వచ్చేను. ఆ నీలు మొక్కలకి పోసీ. బిందెకి మూతెట్టు. గుంటడికి వాసనొచ్చే నీలే ఇయ్యి."

ఆమె గంగాళం మీద గుడ్డ విప్పి, ఒక పక్క తను పట్టుకుని, "అక్కా, ఆ పక్క పట్టుకో" అని నన్ను పిలిచింది. ఇద్దరం దాన్ని ఈడ్చి కరివేపాకు మొదట్లో వంచాం. మా అత్త అప్పటికే పక్కింటి తలుపు కొడుతోంది.